పిండిపదార్థాలు మానేస్తే బరువు తగ్గినట్టేనా?

పాతచొక్కా:
అందరికీ నమస్కారం. పదహారు రోజుల కిందట చక్కెర, అన్నం, రొట్టె, బంగాళాదుంప అన్నీ ఒక్కసారే మానేశాను. గుడ్లు, మాంసం, ఆకుకూరలు, గింజలు, ఇవే తిండి. ఇవాళ్టికి 4.2 కిలోలు తగ్గాను. అంతకుముందు మూడు నెలలపాటు ప్రతి ముద్దా కాలరీల్లో లెక్కపెట్టుకుని తింటే తగ్గింది 2 కిలోలు. దీన్నిబట్టి లెక్కలు దండగ, అసలు శత్రువు పిండిపదార్థాలే అని తేల్చుకున్నాను. కాదనేవాళ్లు ఎందుకు కాదంటున్నారో చెప్పండి, నిజంగానే అడుగుతున్నా. మా ఆయన కూడా ఎల్లుండి నుంచి మొదలుపెడతానంటున్నారు. ఆయన షుగర్ మాత్రలు వేసుకుంటారు. బరువు తగ్గితే మాత్రలూ తప్పుతాయని ఆశ.

తూనికరాయి:
తగ్గినందుకు సంతోషం. అయితే ఆ 4.2 కిలోల్లో కొవ్వెంతో చూద్దాం.

కిలో ఒంటికొవ్వు కరగాలంటే సుమారు 7,700 కాలరీల లోటు పడాలి. పోయిందంతా కొవ్వే అయితే 32,000 పైచిలుకు అవుతుంది. పదహారు రోజులకు పంచితే రోజుకు 2,000. అంటే మీరు దాదాపు నిరాహారదీక్షలో ఉండి ఉండాలి. గుడ్లూ మాంసం తిన్నానంటున్నారు కదా!

మరి పోయిందేమిటి? చాలావరకు నీళ్లు. తిన్న పిండిపదార్థాల్లో కొంత గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటుంది. రెండూ కలిపితే అర కిలో అటూఇటూ. ప్రతి గ్రాము గ్లైకోజెనూ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. నిల్వ తరిగితే ఆ నీళ్లూ పోతాయి. దానికి తోడు ఇన్సులిన్ తగ్గగానే మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి, దాని వెంట ఇంకాస్త నీరు. మళ్లీ రెండు రోజులు మామూలుగా తిని చూడండి, సగం వెనక్కి వస్తుంది.

కొవ్వొత్తి:
వచ్చారండీ, ఆశల మీద నీళ్లు చల్లేవాళ్లు.

నేను కీటో మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. పిండిపదార్థాలు రోజుకు 50 గ్రాముల లోపే. 14 కిలోలు తగ్గాను, తిరిగి రాలేదు. పోయినవన్నీ నీళ్లే అయితే ఈపాటికి ఎండు చెరువునై ఉండాలి. అసలు సంగతి ఇన్సులిన్. చక్కెర, పిండి తిన్నప్పుడల్లా అది పెరుగుతుంది. అది పెరిగి ఉన్నంతసేపూ కొవ్వు కణాల్లోంచి కొవ్వు బయటికి రాదు. ఒంట్లో ఇంత నిల్వ పెట్టుకుని కూడా గంటగంటకీ ఆకలేస్తుందంటే కారణం అదే. పైగా ఇదేమీ నిన్నమొన్న పుట్టిన పిచ్చి కాదు. 1863లోనే లండన్‌లో విలియం బాంటింగ్ అనే అంత్యక్రియల వ్యాపారి రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు మాని తగ్గానని కరపత్రం వేసి పంచాడు.

తూనికరాయి:
కొవ్వొత్తి గారూ, మీ 14 కిలోలను నేను కాదనడం లేదు. కారణం దగ్గరే పేచీ.

ఇన్సులినే తాళం అయితే, అది తగ్గినప్పుడు కొవ్వు ఎక్కువ కరగాలి. 2015లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం సరిగ్గా ఇదే చూసింది. 19 మంది స్థూలకాయులను వార్డులోనే ఉంచి, ఒక విడత పిండిపదార్థాలు, ఇంకో విడత కొవ్వు, కాలరీల్లో సమానంగా తగ్గించారు. పిండి తగ్గించినప్పుడు ఇన్సులిన్ తగ్గింది, నిజమే. కానీ ఒంటికొవ్వు పోయింది రోజుకు 53 గ్రాములు. తిండిలో కొవ్వు తగ్గించినప్పుడు పోయింది 89.

ఇంకా విచిత్రం వాల్టర్ కెంప్నర్ అనే అమెరికా డాక్టరుది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1939 నుంచి రక్తపోటు రోగులకు అన్నం, పండ్లు, పళ్లరసం, చక్కెర, దాదాపు ఇవే పెట్టాడు. కాలరీల్లో 90 శాతానికి పైగా పిండిపదార్థాలే! ఆ పద్ధతిలో 45 కిలోలకు పైగా తగ్గిన 106 మంది గురించి 1975లో ప్రచురించాడు కూడా. మీ లెక్కన వాళ్లంతా ఉబ్బిపోవాలి.

కొవ్వొత్తి:
తగ్గినవాళ్లనే ఏరుకుని 106 మంది తగ్గారంటే ఏం తెలుస్తుంది? తగ్గనివాళ్లెంతమంది, మధ్యలో పారిపోయినవాళ్లెంతమంది? అయినా వైద్యుల కళ్ల ముందు, అరకొర కాలరీలతో, ఉప్పులేని చప్పిడి కూడు పెడితే ఎవరైనా తగ్గుతారు. ఇక హాల్ గారి ప్రయోగం సాగింది ఒక్కో విడత ఆరు రోజులు. ఒళ్లు కొవ్వును వాడుకోవడానికి అలవాటు పడడానికే వారాలు పడుతుంది. ఆరు రోజులకే పెళ్లి చూసి కాపురం మీద తీర్పు చెప్పినట్టుంది.

బద్ధకిష్టు:
నేను మూడుసార్లు కీటో మొదలుపెట్టి మూడుసార్లూ చక్కగా తగ్గి, నాలుగుసార్లు పెరిగినవాణ్ని. (లెక్క తప్పు కాదు, ఒకసారి మొదలుపెట్టకముందే పెరిగాను.) మొదటి వారం తలనొప్పి, రెండో వారం మలబద్ధకం, నోటి వాసన సంగతి మా ఇంట్లోవాళ్లనే అడగాలి. కానీ ఒక మాట ఒప్పుకోవాలి, ఆకలి నిజంగానే తగ్గింది.

నా అనుమానం ఏమిటంటే, పిండిపదార్థాలు మానేశామంటే మానేసింది పిండిపదార్థాలొక్కటే కాదు. బిస్కెట్లు, చిప్స్, కేకులు, కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు అన్నీ ఒకే వేటుకు పోయాయి. వీటిలో చాలావాటిలో కొవ్వు కూడా ఉంటుంది మరి. టీవీ ముందు కూర్చుని ఎవరైనా ఎనిమిది ఉడకబెట్టిన గుడ్లు తినగలరా? చిప్స్ ప్యాకెట్ మాత్రం ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు.

తూనికరాయి గారు చెప్పిన హాల్‌దే ఇంకో పరిశీలన ఉంది, 2019లో. 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టి, కావలసినంత తినమన్నారు. వడ్డించిన తిండిలో పిండి, కొవ్వు, చక్కెర, పీచు పాళ్లు రెండుచోట్లా ఒకటే. అయినా ఫ్యాక్టరీ తిండి రోజుల్లో సుమారు 500 కాలరీలు ఎక్కువ తిన్నారు.

పాతచొక్కా:
బద్ధకిష్టు గారూ, నవ్వించి చంపారు. నిజమే, నేను మానేసిన వాటిలో సాయంత్రం బిస్కెట్లదే పెద్ద పద్దు. కాలరీలు లెక్కపెట్టిన రోజుల్లో కూడా తినేదాన్ని, “రెండే” అని రాసుకుని.

కొవ్వొత్తి:
అక్కా, ఆ “రెండే” అనేదే నా వాదన! లెక్కపెట్టి తినమంటే మనిషి అబద్ధం రాసుకుంటాడు. మానెయ్యమంటే అబద్ధానికి చోటే లేదు.

స్వల్పకాల పరిశీలనలు వద్దు, రెండేళ్లది చూద్దాం. ఇజ్రాయెల్‌లో 322 మంది మీద చేసి 2008లో ప్రచురించారు. తక్కువ కొవ్వు వాళ్లు సగటున 2.9 కిలోలు తగ్గితే, తక్కువ పిండి వాళ్లు 4.7. కొవ్వు తగ్గించినవాళ్లకు కాలరీల హద్దు పెట్టారు, పిండి తగ్గించినవాళ్లకు అదీ లేదు. హద్దు లేకుండానే ఎక్కువ తగ్గారు.

తూనికరాయి:
మంచి ఉదాహరణే తెచ్చారు. కానీ అందులో మూడో గుంపును మింగేశారు. మధ్యధరా తీరపు పద్ధతిలో, అంటే కూరగాయలు, ఆలివ్ నూనె, గింజలు, చేపలు, కొంత ధాన్యం తిన్నవాళ్లు 4.4 తగ్గారు. వాళ్లకు కాలరీల హద్దుంది, సరే, కానీ రెండేళ్లకు తేడా 300 గ్రాములు. మీ గుంపు కూడా ఆరు నెలల దగ్గర ఇంకా ఎక్కువ తగ్గి, తర్వాత కొంత వెనక్కి తెచ్చుకుంది.

స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 2018లో ప్రచురించింది దీనికన్నా పెద్దది, 609 మంది, ఏడాది. కాలరీలు లెక్కపెట్టమని ఎవరికీ చెప్పలేదు. రెండు గుంపులకూ ఫ్యాక్టరీ తిండి, చక్కెర, మైదా తగ్గించి ఇంట్లో వండుకోమన్నారు. తక్కువ కొవ్వు 5.3 కిలోలు, తక్కువ పిండి 6.0. గణాంకాల లెక్కలో అది తేడాయే కాదు. ఎవరి ఒళ్లు ఇన్సులిన్ ఎక్కువ స్రవిస్తుందో కొలిచి చూసినా, ఎవరికి ఏది పనిచేస్తుందో ముందే చెప్పలేకపోయారు. నన్నడిగితే సగటు కన్నా ముఖ్యం ఆ సగటు వెనక ఉన్నది. రెండు గుంపుల్లోనూ పాతిక కిలోలకు పైగా తగ్గినవాళ్లున్నారు, బరువు పెరిగినవాళ్లూ ఉన్నారు. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించుకునేది ఆ మొదటి రకం వాళ్లే.

రాత్రిడ్యూటీ:
కాళ్లు తర్వాత లెక్కపెట్టుకోండి. మొదటి పోస్టులో చివరి రెండు వాక్యాలు ఒక్కరైనా చదివారా?

పాతచొక్కా గారూ, మీవారు వేసుకునే మాత్రల పేర్లు చూశారా? నేను ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి అడుగుతున్నా. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతూ అకస్మాత్తుగా పిండిపదార్థాలు మానేస్తే, మందు మోతాదు పాతదే, తిండి మాత్రం సగం. షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివైతే ప్రమాదం వేరు. కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు, వాటితో ఆమ్లం రక్తంలో మితిమీరి పెరిగే కీటోఅసిడోసిస్ రావచ్చు. మోసం ఏమిటంటే, అప్పుడు గ్లూకోమీటర్ మీద అంకె మరీ ఎక్కువగా ఉండకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే “కీటో అలవాటవుతోందిలే” అని ఇంట్లో కూర్చోకూడదు. బీపీ మాత్రలున్నా చెప్పాలి, ఉప్పూ నీరూ పోయాక పాత మోతాదు ఎక్కువైపోతుంది.

షుగర్ ఉన్నవాళ్లు పిండి తగ్గించకూడదని కాదు, చాలామందికి మేలే చేస్తుంది. డాక్టరు మందు సరిచేశాక మొదలుపెట్టాలి, అంతే. సొంతంగా మాత్రలు ఆపేయడమూ వద్దు.

తూనికరాయి:
నిజమే, నేను చదివి కూడా దాటేశాను. తప్పు నాదే.

మాత్రలు తప్పడం గురించి ఒక మాట. బ్రిటన్‌లో షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు కొన్ని నెలలు రోజుకు 825 నుంచి 853 కాలరీల ద్రవాహారం మాత్రమే ఇచ్చారు. మందులు వైద్యులే ఆపించారు. ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. ఆ ద్రవంలో సగానికి పైగా కాలరీలు పిండిపదార్థాలవే. పని చేసింది బరువు తగ్గడం.

కొవ్వొత్తి:
రాత్రిడ్యూటీ గారి మాట వినండక్కా. నా సంగతీ ఒకటి దాచాను, చెప్పేస్తా. మొదటి ఏడాది వెన్న, కొవ్వున్న మాంసం తెగ తిన్నాను. రక్తంలో ట్రైగ్లిసరైడ్లనే కొవ్వులు బాగా తగ్గాయి, ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, మాత్రం 118 నుంచి 187కి ఎక్కింది. డాక్టరు కళ్లజోడు తీసి మరీ చూశారు. వెన్న బదులు గింజలు, ఆలివ్ నూనె, చేపలు పెట్టుకున్నాక 130కి దిగింది. కీటో మాత్రం వదల్లేదు, నాకు పడింది.

బద్ధకిష్టు:
వెన్న పోయి ఆలివ్ నూనె, చేపలు వచ్చాయా? అన్నా, మీరు మెల్లగా తూనికరాయి గారి మూడో గుంపులోకి నడుస్తున్నారు, చూసుకోండి.

పాతచొక్కా:
ఆలస్యంగా రాస్తున్నాను. మాత్రల అట్ట చూశాను, డాపాగ్లిఫ్లోజిన్ అనే ఉంది. ఆయన్ని ఆపేశాను, శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. రాత్రిడ్యూటీ గారూ, ఏమని చెప్పాలో తెలియడం లేదు.

నా మట్టుకు, ఇంకా ఆరు నెలలు పండు ముట్టకుండా ఉండగలనా అని రాత్రంతా ఆలోచించాను. ఉండలేను. బిస్కెట్లు, చక్కెర మాత్రం మళ్లీ ఇంట్లోకి రానివ్వను. నిన్న ఒక అరటిపండు, ఒక గిన్నెడు ఉడికించిన శనగలు తిన్నాను. పొద్దున్న తూకం 600 గ్రాములు పెరిగింది. తూనికరాయి గారూ, నీళ్లేనా?

తూనికరాయి:
నీళ్లే.