అల్బర్ట్ కింగ్ 1967 ఆల్బమ్: ఆ బాకాలు ఉండాలా, వద్దా?

పాతపళ్లెం:
బ్లూస్ (అమెరికా నల్లవాళ్ల జానపద మూలాల సంగీతం) గిటార్ మీద ఎవరు జాబితా రాసినా అల్బర్ట్ కింగ్ ‘బోర్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్’ అందులో ఉండాల్సిందే. 1967లో అమెరికాలో మెంఫిస్ నగరంలోని స్టాక్స్ రికార్డు కంపెనీ విడుదల చేసింది. పదకొండు పాటలు, అన్నీ కలిపితే అరగంట దాటి కొద్ది నిమిషాలు. నా ఫిర్యాదు ఒక్కటే: గిటార్ నోరు విప్పేసరికి పాట అయిపోతుంది. రికార్డు మొదటి వైపు ఆరు పాటల్లో ఒక్కటీ మూడు నిమిషాలు దాటదు. పైగా ట్రంపెట్, సాక్సఫోన్లు అడుగడుగునా తలదూరుస్తాయి. మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ హాలులో కింగ్ చేసిన కచేరీ ‘లైవ్ వైర్/బ్లూస్ పవర్’ వినండి. అందులో బాకాలు లేవు, తొందర లేదు. మనిషి తీరిగ్గా వాయించుకుంటూ పోతాడు. నాకు అసలు అల్బర్ట్ కింగ్ అక్కడే దొరికాడు. మీరేమంటారు? మొహమాటం అక్కర్లేదు.

లయపిచ్చి:
మీరు దాన్ని గిటార్ ఆల్బమ్ అనుకుని విన్నారు, నేను డ్రమ్స్ కోసం విన్నాను. అందుకే మన తీర్పులు కలవడం లేదు.

వెనక వాయిస్తున్నది ఎవరో చూడండి. ఆర్గన్, పియానో మీద బుకర్ టి. జోన్స్, రిథమ్ గిటార్ స్టీవ్ క్రాపర్, బేస్ గిటార్ డక్ డన్, డ్రమ్స్ అల్ జాక్సన్ జూనియర్. గాయకుడు ఓటిస్ రెడింగ్ పాటలకు వాయించిన జట్టే ఇది. పియానో దగ్గర కొన్నిచోట్ల ఐజాక్ హేస్ కూడా కూర్చున్నాడు. వీళ్లు బ్లూస్ వాళ్లు కాదు, సోల్ వాళ్లు, అంటే చర్చి పాటల ఊపు కలిసిన నల్లవాళ్ల పాప్ సంగీతం వాళ్లు. ‘క్రాస్‌కట్ సా’ పాట 1941లో టామీ మెక్లెనన్ పాడినప్పుడు పల్లెటూరి బ్లూస్. ఇక్కడ అల్ జాక్సన్ దాని కింద క్యూబా పోకడ ఉన్న నడక ఒకటి పరిచాడు. గిటార్‌ను పక్కన పెట్టి ఒకసారి డ్రమ్స్ మాత్రమే వినండి. ఎక్కడా విన్యాసం ఉండదు, ఎక్కడా నడక తప్పదు. పాట పొడవుగా సాగలేదన్న బాధ నాకు ఒక్కసారి కూడా కలగలేదు.

సారణితంత్రి:
నేను వీణ నేర్చుకున్నదాన్ని, గిటార్ పట్టుకోవడం కూడా రాదు. నన్ను పట్టేసింది ఒకే విషయం: ఆయన తీగ లాగే తీరు. కింగ్‌ది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల కోసం చేసిన గిబ్సన్ ఫ్లయింగ్ వి గిటార్‌ను తీగలు మార్చకుండా అలాగే తిరగేసి పట్టుకునేవాడు. దాంతో సన్నని తీగలు పైకి వచ్చాయి. అందరూ పైకి నెట్టే తీగను ఆయన కిందికి లాగుతాడు. తీగలను మామూలు శ్రుతి కంటే వదులుగా ఉంచుకునేవాడు కూడా. చేతిలో ప్లెక్ట్రమ్ (తీగ మీటే చిన్న బిళ్ల) ఉండదు, బొటనవేలే.

వీణలో ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాలు పలికించడం మాకు మొదటి నుంచీ అలవాటు. అందుకే ‘యాజ్ ది ఇయర్స్ గో పాసింగ్ బై’లో ఆయన ఒక స్వరాన్ని లాగి, అసలు స్థానానికి వెంట్రుక వాసి కింద ఆపి, కాసేపు ఊరించి అప్పుడు అందుకుంటుంటే నా వేళ్లు వాటంతట అవే కదిలాయి. పాశ్చాత్య గిటార్‌లో స్వరం ఇంత బతికి ఉండటం నేను వినలేదు. బాకాలు అడ్డం వచ్చినట్టు నాకైతే అనిపించలేదు. ఆయన ఆపిన చోటనే అవి మొదలవుతాయి. పక్కవాద్యం చేయాల్సిన పని అదే కదా.

గల్లాపెట్టె:
అసలు దీన్ని ఆల్బమ్ అనడమే నాకు అభ్యంతరం. 1966 మార్చి నుంచి 1967 జూన్ దాకా విడివిడిగా రికార్డు చేసిన పాటలివి. చాలా వరకు సింగిల్స్‌గా, అంటే విడి పాటల రికార్డులుగా, బయటికి వచ్చాక మూటకట్టి, నల్లపిల్లి, పుర్రె, పదమూడో తేదీ శుక్రవారం, పేకముక్క లాంటి అపశకునాలు ఉన్న అట్ట తొడిగి అమ్మారు. అట్ట బాగుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ లోపల ఏ రెండు పాటలకూ పొంతన లేదు. ‘కాన్సస్ సిటీ’ అప్పటికే ఊరూవాడా పాడేసిన పాట, ఇక్కడ కొత్తగా ఒరిగిందేమీ లేదు. చివరి పాట ‘ది వెరీ థాట్ ఆఫ్ యు’ అయితే ఇంగ్లండ్‌కు చెందిన రే నోబుల్ 1934లో కట్టిన ప్రేమగీతం. బ్లూస్ కోసం వచ్చినవాడికి జోలపాట పాడి పంపించినట్టుంది.

రాత్రిబండి:
ఆ చివరి పాట జోలికి వస్తే ఊరుకోను! కింగ్‌ది అరిచే గొంతు కాదు. పొగచూరిన మెత్తటి గొంతు. ఆరడుగులు దాటిన మనిషి, ఒకప్పుడు బుల్డోజర్ నడిపినవాడు అంత నెమ్మదిగా పాడుతుంటే వినడానికి ఇంకేం కావాలి? ‘ఐ ఆల్మోస్ట్ లాస్ట్ మై మైండ్’లో వెనక వినిపించే ఫ్లూట్ కూడా మీకు జోలపాటేనా? ఆయనలోని గాయకుడిని బయటపెట్టింది ఈ సోల్ జట్టే. ఫిల్‌మోర్ కచేరీలో గిటార్ రాజ్యమేలుతుంది, నిజమే. గాయకుడు మాత్రం పక్కకు తప్పుకుంటాడు.

గల్లాపెట్టె:
గొంతు బాగుంది, పాట బాగాలేదు. రెండూ వేర్వేరు.

కొత్తచెవి:
నమస్కారం, ఈ చర్చలో బహుశా నేనే చిన్నవాణ్ని. ఇంగ్లండ్ రాక్ బృందం క్రీమ్ 1968లో ‘వీల్స్ ఆఫ్ ఫైర్’లో ఈ ఆల్బమ్ పేరిటి పాటనే పాడింది, దాని ద్వారా ఇక్కడికి వచ్చాను. మొదటిసారి అసలు పాట విన్నప్పుడు చప్పగా అనిపించింది. ఇంత చిన్న శబ్దమా అనుకున్నాను. తర్వాత ‘ఓ ప్రెటీ వుమన్’ వింటే ఆ గిటార్ ఎక్కడో విన్నట్టే ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే క్రీమ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వాళ్ల ‘స్ట్రేంజ్ బ్రూ’ పాటలో దాన్ని దాదాపు స్వరం పొల్లుపోకుండా దించేశాడు! ఇప్పుడు నా సందేహం: క్రీమ్ పాడినది ఎందుకు అంత బరువుగా ఉంది, ఇది ఎందుకు తేలిగ్గా ఉంది?

లయపిచ్చి:
కొత్తచెవి గారూ, ఆ తేలికే ఇందులో పనితనం. పేరిటి పాట రాసింది విలియం బెల్, బుకర్ టి. జోన్స్. ఇద్దరూ స్టాక్స్ సోల్ వాళ్లే. మొదట్లో వచ్చే ఆ బరువైన బేస్ వరుస చుట్టూనే పాట మొత్తం తిరుగుతుంది. పన్నెండు బార్ల (తాళ ఆవర్తాల) మామూలు బ్లూస్ చట్రం ఇది కాదు, చాలాసేపు ఒకే కార్డు (కలిపి మోగించే స్వరాల గుత్తి) మీద నిలబడుతుంది. క్రీమ్ వాళ్లు ఆ వరుసను తీసుకుని బరువు పెంచారు. ఇక్కడ అదే వరుస కింద డ్రమ్స్ నడుస్తూ ఉంటాయి, కాలు దానంతటదే ఆడుతుంది. కాస్త పెద్ద స్పీకర్లలో వినండి. ఫోను స్పీకరులో డక్ డన్ బేస్ సగం కూడా వినపడదు.

ఎడమచేయి:
నాదీ ఎడమచేతి వాటమే. విజయవాడలో గిటార్ నేర్పిన మాస్టారు కుడిచేత్తోనే నేర్చుకోమని పట్టుబట్టారు. కింగ్ గురించి చదివాక గిటార్ తిరగేసి పట్టుకుని చూశాను. తీగ కిందికి లాగడం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను, మొత్తం అరచేతి బలం దిగుతుంది. కానీ కార్డులు వేయాలంటే మాత్రం వేళ్లు మెలికపడిపోతాయి.

అప్పుడు నాకు ఒకటి తట్టింది. ఈ రికార్డులో కింగ్ కార్డులు దాదాపు వాయించడు. ఒక మాట పాడతాడు, గిటార్‌తో ఒక మాట జవాబు చెబుతాడు, ఆగుతాడు. ఆ ఖాళీని నింపడానికి ఎవరో ఒకరు కావాలి. ఆ పని క్రాపర్ గిటార్, ఆర్గన్, బాకాలు చేస్తున్నాయి. పాతపళ్లెం గారు మెచ్చుకున్న ఫిల్‌మోర్ కచేరీలో కూడా రెండో గిటారూ ఆర్గనూ ఉన్నాయి, గమనించారా? ఒంటరిగా వాయించే తరహా మనిషి కాదాయన. బాకాలు వద్దనుకుంటే ఆ చోట ఇంకేదో పెట్టాలి, అంతే తేడా.

పాతపళ్లెం:
ఎడమచేయి గారి మాటలో పస ఉంది. ఖాళీ నింపాలి, సరే. ఎంత నింపాలన్నదే నా తగాదా. ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు: కింగ్ దగ్గర ఉన్న గిటార్ పలుకులు ఓ అరడజను. వాటినే పదకొండు పాటల్లోనూ తిప్పితిప్పి వాడతాడు. కచేరీలో సాగదీసినప్పుడు అవి పెరుగుతాయి, రంగు మారతాయి. రెండున్నర నిమిషాల పాటల్లో వరసగా వింటే ఒకటే పాట పదకొండుసార్లు విన్నట్టుంటుంది.

సారణితంత్రి:
పలుకులు తక్కువే, కానీ ప్రతిసారీ లాగే దూరం వేరు, వదిలే తీరు వేరు. కేవలం స్వరాలు లెక్కపెడితే త్యాగరాజ కీర్తన సంగతులు కూడా చూసేవాడికి ఒకేలా కనిపిస్తాయి.

దక్షిణాదిప్రవాసి:
నేను ఉద్యోగరీత్యా టెన్నెసీలో ఉంటాను. మెంఫిస్‌లో స్టాక్స్ మ్యూజియం చూశాను. అసలు స్టూడియో ఒక పాత సినిమా హాలు. దాన్ని 1989లో కూల్చేశారు. అదే స్థలంలో మళ్లీ కట్టి 2003లో తెరిచారు. లోపల స్టూడియోను పాత కొలతల ప్రకారం కట్టారు, నేల వాలుగా ఉంటుంది. నేల టికెట్టు నుంచి వెనక వరసల వైపు నడుస్తున్నట్టే ఉంది నాకు. తెర ఉండే వేదిక మీద కంట్రోల్ రూమ్ పెట్టుకున్నారట. ఎదురెదురు గోడల మధ్య శబ్దం దరువు కొట్టకుండా ఆ వాలు కొంత సాయం చేసేదని అక్కడ చెప్పారు. అది విన్నాక గదికి వచ్చి రికార్డు పెట్టుకుంటే బాకాలు మీద పడుతున్నట్టు కాకుండా గది వెనక నుంచి వస్తున్నట్టు వినిపించాయి. చూసి వచ్చిన ప్రభావం కూడా కొంత ఉండవచ్చు.

నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే రోడ్డు మీద కలిసి నడవడమే కష్టమైన రోజుల్లో ఆ గదిలో నల్లవాళ్లైన బుకర్ టి., అల్ జాక్సన్, తెల్లవాళ్లైన క్రాపర్, డన్ రోజూ కలిసి పనిచేశారు. ఇక పాటలు పొట్టిగా ఉండటానికి కారణం వ్యాపారమే. రేడియోలో వేయాలి, హోటళ్లలో నాణెం వేస్తే పాట పాడే జూక్‌బాక్స్‌లో తిరగాలి.

రాత్రిబండి:
‘లాండ్రోమాట్ బ్లూస్’ హాస్యం గురించి ఎవరూ మాట్లాడరేం? బట్టలు ఉతికే దుకాణానికి వెళ్లే ఇల్లాలి మీద మొగుడి అనుమానం! అంత దిగులు మొహంతో అంత కొంటెగా పాడటం అందరికీ చేతకాదు.

కొత్తచెవి:
అందరికీ ధన్యవాదాలు. మరి దేనితో మొదలుపెట్టమంటారు?

పాతపళ్లెం:
‘పర్సనల్ మేనేజర్’తో. కింగ్, డేవిడ్ పోర్టర్ కలిసి రాశారు. నాలుగున్నర నిమిషాలు, ఈ ఆల్బమ్‌లో గిటార్‌కు కాళ్లు చాపుకునే చోటు దొరికిన పాట అదొక్కటే. 2013లో వచ్చిన ముద్రణ దొరికితే అదే కొనండి. చివర కొన్ని పాటల వేరే టేకులు (అదే పాటను మరోసారి రికార్డు చేసినవి), పేరు పెట్టని వాద్య ఖండం ఒకటి ఉన్నాయి.

గల్లాపెట్టె:
అందులో కూడా ‘ది వెరీ థాట్ ఆఫ్ యు’ తీసేయలేదు, జాగ్రత్త.