ఏఆర్‌టీ (హెచ్ఐవీని అణచే) మందులు, గంజాయి, మతిమరుపు: అనుభవం ఉన్నవారు చెప్పండి

తీరం_విశాఖ
నాకు 47 ఏళ్లు. 2008లో హెచ్ఐవీ ఉందని తేలింది. అప్పటికి సీడీ4, అంటే రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, 112. స్టావుడిన్ కలిసిన మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు తిరిగేసరికి అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి. రాత్రంతా చల్లటి గచ్చుకు పాదాలు ఆనించి కూర్చునేవాణ్ని. తెలిసినవాడొకడు గంజాయి ఇచ్చాడు. ఎన్నో వారాల తర్వాత ఆ రాత్రి నిద్రపట్టింది. తర్వాత మందు మార్చారు, మంట తగ్గింది, గంజాయి మాత్రం ఉండిపోయింది. ఇన్నేళ్లూ దాదాపు ప్రతి రాత్రీ.

మందులు మానలేదు. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడటం లేదు. నేను ఇనుప సామాన్ల దుకాణంలో పనిచేస్తాను. ఏడాదిగా ఒకటి గమనిస్తున్నాను. ఎవరైనా వచ్చి ‘రెండంగుళాల మేకులు కిలో, అరంగుళం ఎల్బోలు నాలుగు, ఒక టేపు’ అంటే, లోపలికి వెళ్లేసరికి మేకులే గుర్తుంటాయి. మళ్లీ వచ్చి అడగాలి. యజమాని ముందు తలెత్తుకోలేకపోతున్నాను. ఇది వైరస్ పనా, గంజాయి పనా, వయసా? గంజాయి సంగతి డాక్టరుకు ఇంతవరకు చెప్పలేదు.

పాతకాపు_గుంటూరు
తమ్ముడూ, నాదీ అదే కాలం, అవే మందులు, అదే మంట. 54 ఏళ్లు నాకు. రెండేళ్ల క్రితం గంజాయి మానేశాను. మొదటి పది రోజులు నరకం. నిద్ర లేదు, చొక్కా తడిసేలా చెమటలు, అన్నం చూస్తే విసుగు, ఇంట్లో అందరి మీదా అరుపులు. నిద్రపట్టినప్పుడు భయంకరమైన కలలు. నెల దాటాక మనుషుల పేర్లు గుర్తుకు రావడం మొదలైంది. లెక్కల్లో నిదానం మాత్రం పోలేదు. అంటే నాలో రెండూ ఉన్నాయి: మానితే పోయేది ఒకటి, మానినా ఉండేది ఇంకొకటి. మానకపోతే ఆ తేడా ఎప్పటికీ తెలిసేది కాదు.

నర్సమ్మ
నేను ఏఆర్‌టీ కేంద్రంలో తొమ్మిదేళ్లు పనిచేశాను. అన్నయ్యా, దయచేసి ముందు డాక్టరుకు చెప్పండి. వైరస్ ఒంట్లోకి వచ్చిన కొద్ది వారాల్లోనే మెదడుకు చేరుతుంది. మందులతో రక్తంలో అణగిపోయినా, మెదడులో సన్నటి వాపు చాలామందిలో మిగులుతుంది. మందులు మొదలుపెట్టేనాటికి సీడీ4 బాగా పడిపోయినవారికి ఈ ముప్పు ఎక్కువ. మీ 112 ముఖ్యమైన సమాచారం. ఆ రోజుల్లో 200 దిగువకు పడిపోయాకే చాలామందికి మందులు ఇచ్చేవారు.

ఒక చిన్న పరీక్ష ఉంది, చేయమని అడగండి. నాలుగు మాటలు చెప్పి మీతో అనిపిస్తారు. తర్వాత వాటం లేని చేతి, అంటే చాలామందికి ఎడమచేతి, బొటనవేలు, చూపుడువేలు వీలైనంత వెడల్పుగా తెరుస్తూ, వీలైనంత వేగంగా అయిదు సెకన్లు తట్టమంటారు. ఆ తర్వాత పిడికిలి, అరచేయి బోర్లా, అరచేయి నిలువుగా, ఈ వరుసలో పది సెకన్లు. చివర్లో ఆ నాలుగు మాటలు అడుగుతారు. మొత్తం 12 మార్కులు. 10 లేదా అంతకు తక్కువ వస్తే లోతుగా చూడాలని అర్థం. అది జబ్బును తేల్చే పరీక్ష కాదు, కంగారుపడకండి.

గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ వెళ్లి అంటుకునే మెదడు కణాల మీది గ్రాహకాలు, జ్ఞాపకాలు పోగుచేసే హిప్పోక్యాంపస్‌లో దట్టంగా ఉంటాయి. రోజూ తాగేవారిలో అవి తగ్గిపోతాయి. నాలుగు వారాలు మానితే మెదడులో చాలా చోట్ల అవి కోలుకుంటాయి. పెద్దాయన చెప్పిన నెల లెక్క అందుకే నిజమనిపిస్తోంది. బీ12, థైరాయిడ్, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకోండి. కుంగుబాటు ఉందేమో చూడమనండి. మతిమరుపంతా గంజాయి మీదకు నెట్టేసి వీటిని వదిలేసిన కేసులు నా కళ్లతో చూశాను. ఆ బాధ ఇంకా పోలేదు.

బాల్టిమోర్_నుంచి
ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. నేనూ పాజిటివ్‌నే. పురుషుల్లో హెచ్ఐవీని దశాబ్దాల పాటు గమనించిన మాక్స్ అధ్యయనం 1984లో మొదలైంది. దాని నాలుగు నగరాల్లో మా ఊరొకటి. పిట్స్‌బర్గ్, షికాగో, లాస్ ఏంజెలెస్ మిగతావి. స్వలింగ సంపర్క పురుషులు, వైరస్ ఉన్నవారూ లేనివారూ, ఆరు నెలలకోసారి వచ్చి రక్తం ఇచ్చేవారు. చాలామంది అంకెలను గుర్తులతో జతచేసే పరీక్ష, చుక్కలు కలిపే పరీక్ష రాసేవారు. ఈ విషయంలో మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ మనుషుల ఓపికవల్లే.

గంజాయి మీద ఒకే మాట లేదు. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, హెచ్ఐవీ లక్షణాలు బయటపడిన దశలో తరచూ వాడేవారికి జ్ఞాపకశక్తి దెబ్బ ఎక్కువగా కనిపించింది. 2020లో శాన్ డియేగో పరిశోధకుల అధ్యయనంలో మాత్రం, గంజాయి వాడినవారిలో మెదడు బలహీనత తక్కువగా కనిపించింది. వాపును తగ్గిస్తుందేమోనన్నది వారి ఊహ. అది కార్యకారణ సంబంధాన్ని నిరూపించదు. ఎవరు ఎంత తాగారు, ఎంత ఘాటుది తాగారు అన్నది మనుషులు చెప్పిన మాట మీదే ఆధారపడుతుంది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, హెచ్ఐవీ నరాల నొప్పి గంజాయితో తగ్గుతుందని ఒక చిన్న అధ్యయనం చూపింది. కాబట్టి మీ పాదాల మంట తగ్గడం భ్రమ కాదు. మంట పోయాక కూడా పదిహేనేళ్లు రోజూ తాగడం గురించి ఆ అధ్యయనం ఏమీ చెప్పదు.

కొత్తవాడు_29
సహజమైన ఆకే కదా, మందులకంటే మేలే అనుకున్నాను ఇంతకాలం. శనివారాలు తాగి పడుకుని ఆదివారం మాత్ర మరిచిపోయిన సందర్భాలు నాలుగైదు ఉన్నాయి.

నర్సమ్మ
బాబూ, ఆ నాలుగైదే నాకు భయం. ఫోనులో అలారం పెట్టుకో. మాత్ర మంచం పక్కన కాదు, పళ్లు తోముకునే చోట ఉంచు. ఇంకో మాట: చిలుం చేతులు మారుతుంటే ఆ గదిలో ఒక్కరికి క్షయ ఉన్నా చాలు. మనవాళ్లకు క్షయ ఎంత సులువుగా అంటుకుంటుందో నీకు తెలియాలి.

పాడేరు_దారి
డాక్టరుకు చెబితే పోలీసులు వస్తారేమోనన్న భయం మా వైపు చాలామందికి ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో వాడకం కూడా నేరమే. అయితే వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళితే, అదే చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మధ్యలో చికిత్స మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. వ్యసన విముక్తి సహాయానికి 14446కు ఫోను చేయవచ్చు.

తీరం_విశాఖ
అందరికీ దండాలు. అయిదు వారాలకు మళ్లీ రాస్తున్నాను. డాక్టరుకు చెప్పాను. కోప్పడలేదు, ‘ఎన్నేళ్లుగా?’ అని అడిగి రాసుకున్నారు. పరీక్షలో 9 వచ్చింది. వేళ్లు బాగానే కదిలాయి, నాలుగు మాటల్లో రెండు పోయాయి. బీ12 తక్కువగా ఉంది, సూదిమందు మొదలైంది. గంజాయి మాని ఈ రోజుకు 26 రోజులు. పెద్దాయన చెప్పిన చెమటలు నిజమే, కలలూ నిజమే.

పొద్దున దుకాణానికి బయల్దేరేటప్పుడు నా భార్య నాలుగు మాటలు చెబుతుంది, రాత్రి అన్నం దగ్గర అడుగుతుంది. నిన్నటివి చీపురు, తమలపాకు, గొడుగు, బావి. మూడు చెప్పాను. గిన్నె కడుక్కుంటుంటే గొడుగు గుర్తొచ్చింది. తడిచేతులతోనే వెళ్లి చెప్పాను.