గేర్ లెగ్ పైన ఫెయిరింగ్ పగిలింది, ఇంకో రెండు పొరలు వేస్తే సరిపోతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఉంటాను. గ్యారేజీలో ఐదేళ్లు కూర్చుని కట్టుకున్న ఆర్‌వీ-9ఏ (ఇంట్లో కట్టుకునే కిట్ విమానం) మార్చిలో ఎగిరింది, ఇప్పటికి 14 గంటలు. మెయిన్ గేర్ లెగ్ (ప్రధాన చక్రాన్ని మోసే కాలు) బాడీలోకి వెళ్లే చోట గాలి సాఫీగా జారడానికి పెట్టే చిన్న తొడుగులు, అంటే ఫెయిరింగులు, నేనే చేశాను. మోడలింగ్ క్లేతో గుండ్రం తెచ్చి, దాని మీద ప్యాకింగ్ టేపు అంటించి, మూడు పొరల ఫైబర్‌గ్లాస్ వేశాను. బాడీకి స్క్రూలు బిగించి, లెగ్‌కి పొడవునా ఉండే ఫెయిరింగ్‌కి ఎపాక్సీతో అతికించాను. నిన్న ఆయిల్ మార్చి కింద తుడుస్తుంటే కుడివైపుది వెనక మొన దగ్గర పగిలి ఉంది, స్క్రూ రంధ్రం నుంచి మొదలై గోరు దిగేంత. ఎడమవైపు వెంట్రుకంత గీత. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
పొరలు పెంచొద్దండీ. లోపం మందంలో లేదు, అతికించడంలో ఉంది. ఆర్‌వీ గేర్ లెగ్ అంటే స్టీలు కడ్డీ, స్ప్రింగు కూడా అదే. నేల మీద బరువుకి చక్రాలు పక్కలకి విచ్చుకుంటాయి, గాల్లోకి లేవగానే దగ్గరికి వస్తాయి. మీ ఫెయిరింగ్ అటు బాడీనీ ఇటు లెగ్‌నీ పట్టుకుని కూర్చుంది. ప్రతి టేకాఫ్‌కీ, నేల మీద టాక్సీ చేసేటప్పుడు ప్రతి గతుకుకీ అది వంగాల్సిందే. ఐదు పొరలు వేస్తే ఆ పగులు ఇంకో చోటికి పోతుంది, అంతే.

నా ఆర్‌వీ-7ఏకి మొదటి జత నేనూ చక్రాలు నేల మీద ఉండగానే చేశాను. పక్క విమానంలోంచి స్నేహితుడు తీసిన ఫొటోలో వెనక మొన దగ్గర సందు తెరుచుకుని కనిపించింది. అవి తీసేసి మళ్లీ చేశాను.

రెక్కల కింద టై-డౌన్ల (విమానాన్ని నేలకి కట్టేసే కొక్కేల) దగ్గర జాకులు పెట్టి, చక్రాలు నేలకి ఆనకుండా లేపండి. విమానాన్ని గాల్లో ఉండే లెవెల్‌కి తెచ్చుకోండి. ముందుగా లెగ్ ఫెయిరింగ్ తిన్నగా ఉందా చూడండి. కాస్త మెలితిరిగినా చుక్కానిలా పనిచేసి విమానం పక్కకి జారుతోందో చూపించే మీటర్లోని బాల్‌ని పక్కకి నెడుతుంది. క్లే ఆ తర్వాతే. ఫైబర్‌గ్లాస్ గుడ్డని నేతకి 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించండి, వంపులో ముడత లేకుండా ఒదుగుతుంది. నిలువుగా కత్తిరిస్తే మొన దగ్గర పైకి లేచి కింద గాలి బుడగ మిగులుతుంది. ఎపాక్సీ గట్టిపడ్డాక పైన మైనంలా జిడ్డు తేలితే నీళ్లతో కడిగాకే సాండింగ్ మొదలుపెట్టండి.

బిగించేది బాడీకి మాత్రమే. లెగ్ చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు వదలండి.

జవాబు 2:
పై మాటే నాదీ, కాకపోతే నేను 3 కాదు, ఒకటిన్నర మిల్లీమీటరే వదిలాను. రాసుకునే చోట లెగ్ మీద అరుగుదల టేపు వేశాను, మూడేళ్లుగా బాగానే ఉంది. మీ పగులు రంధ్రం నుంచి మొదలైందంటే స్క్రూ తల నేరుగా గ్లాస్ మీదే కూర్చుంటోందేమో చూడండి. ఒక్కో స్క్రూ తల కింద టిన్నర్‌మన్ వాషర్ (తల కూర్చునే గిన్నెలాంటి వాషర్), వెనక నట్‌ప్లేట్ (రేకుకే బిగించి ఉండే నట్టు) పెట్టండి. ఏటా చేసే తనిఖీ, అదే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కి, విప్పాల్సినవే కదా.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్ అండీ. శనివారం జాకుల మీద లేపాను. చక్రాలు నేల వదలగానే ఎడమవైపు వెంట్రుకంత ఉన్న గీత కళ్లముందే విచ్చుకుంది. కుడివైపు స్క్రూలు తీస్తే, వెనక రంధ్రం నట్‌ప్లేట్ నుంచి దాదాపు 3 మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. పాతవి రెండూ కోసేసి కుడివైపుది కొత్తగా వేశాను, లెగ్ వైపు 2 మిల్లీమీటర్లు వదిలి. ప్యాకింగ్ టేపు వంపులో ముడతలు పడుతుంటే ఎలక్ట్రికల్ టేపు సాగదీసి అంటించి పైన మైనం రుద్దాను. ఈసారి లోపలి వైపు కూడా నున్నగా వచ్చింది. ఎడమవైపుది వచ్చే శనివారం.