'ఇరాకా'ను తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్కారం. ఇప్పటి కొలంబియాలో, స్పానిష్ వాళ్ళు రాకముందు నుంచీ ఉన్న ముయిస్కా ప్రజల గురించి పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ఇప్పటి సోగమోసో ఊళ్ళో పెద్ద సూర్యాలయం ఉండేది. 1537లో స్పానిష్ సైన్యం వచ్చేనాటికి ఆ గుడికీ ఆ ప్రాంతానికీ పెద్ద సుగమూషి. ఆయన హోదా పేరు 'ఇరాకా'. 'పూజారి' అంటే పాలన పోతోంది, 'రాజు' అంటే గుడి పోతోంది. 'రాజగురువు' అంటే రాజు వేరే ఉన్నట్టు అవుతుంది. ఇంకొక సందేహం. స్పానిష్ రాతల్లో అక్కడి పూజారులను 'హెకె' అన్నారు. నిఘంటువులో చూస్తే 'షేక్' అని ఉంది. 'షేకులు' అని రాయవచ్చా?

జవాబు:
రెండోది ముందు చెబుతానండీ, అక్కడ పొరపాటు జరిగితే వ్యాసమే దెబ్బతింటుంది. 'షేకులు' అని రాయకండి. ముయిస్కా భాషలో పూజారిని 'చికీ' లాంటి మాటతో పిలిచేవారు. స్పానిష్ వాళ్ళ చెవికి అది తమకు తెలిసిన 'షెకె'లా వినిపించింది. అరబ్బీ 'షేక్' నుంచి స్పానిష్‌లోకి వచ్చిన మాట అది. ఆ రోజుల్లో దాన్ని ఎక్స్ అక్షరంతో రాసి 'ష'గా పలికేవారు, తర్వాత ఉచ్చారణ మారి 'హెకె' అయింది. సుగమూషి పేరులోని 'షి' కూడా ఆ ఎక్స్ అక్షరమే, అందుకే మీరు 'ష' రాయడం నాకు నచ్చింది. ఆ జాతి పేరుకూ ఇదే గతి పట్టింది. ముయిస్కా అంటే వాళ్ళ భాషలో మనిషి. స్పానిష్ వాళ్ళు దాన్ని 'మోస్కా' అని రాశారు, వాళ్ళ భాషలో మోస్కా అంటే ఈగ. 1619లో మాడ్రిడ్‌లో అచ్చయిన వ్యాకరణం పేరులో కూడా 'మోస్కా' భాష అనే ఉంది. మనుషులు తమకు పెట్టుకున్న పేరు అలా మారిపోవడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. మనం ఇంకో మార్పు చేయవద్దు. 'పూజారులు' చాలు.

ఇక ఇరాకా. 'పీఠాధిపతి' కొంత దగ్గర అనిపిస్తుంది, కానీ మన పీఠాధిపతి సాధారణంగా సన్యాసి, శిష్యుణ్ణి తానే ఎంచుకుంటారు. స్పానిష్ చరిత్రకారులు రాసిన ప్రకారం ఇరాకాను ఎన్నుకునేవారు. తోబాసా, ఫిరావితోబా ఊళ్ళకు వంతులవారీగా అవకాశం. గామెసా, బుస్బన్సా, పెస్కా, తోకా పెద్దలు నలుగురూ ఎంచుతారు, వాళ్ళకు కుదరకపోతే పొరుగు ప్రాంతపు పాలకుడు తుందామా తేలుస్తాడు. ఇంత ప్రత్యేకమైన పదవికి మన మాట అతికించడం కంటే 'ఇరాకా' అనే ఉంచి, ఒక్క వాక్యంలో వివరించడం మంచిదని నా అభిప్రాయం.

మరొకరి వ్యాఖ్య:
మాస్టారు చెప్పిన ఎన్నిక సంగతి పక్కన ఇదీ చేర్చండి అమ్మా. దక్షిణాన బకాతాను ఏలిన 'సిపా'కు సాధారణంగా వారసుడు కొడుకు కాదు, అక్క కొడుకో చెల్లెలి కొడుకో. ఇంగ్లీషు పుస్తకాల్లోని 'నెఫ్యూ' అనే మాట చూస్తే అన్న కొడుకో అక్క కొడుకో తెలియదు. మనకు 'మేనల్లుడు' ఉంది, ఒక్క మాటతో తేలిపోతుంది. నెమెకెనె తర్వాత సిపా అయిన తిస్కెసూసా ఆయన మేనల్లుడే.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. 'మేనల్లుడు' వెంటనే చేర్చాను. ఇలా రాస్తే సరిపోతుందా? "సూర్యాలయానికీ ఆ లోయకూ పెద్దగా ఎన్నికైన వ్యక్తిని ఇరాక రాజు అనేవారు. 1537లో ఇద్దరు సైనికులు రాత్రి బంగారం కోసం కాగడాలతో గుడిలోకి వెళ్ళారు. నిప్పు అంటుకుని గుడి కాలిపోయింది. సుగమూషి తర్వాత బాప్తిస్మం తీసుకుని దోన్ అలోన్సో అయ్యాడు."

జవాబు:
బాగుందండీ, ఒక్క సవరణ. 'ఇరాక రాజు' అని చదివితే పిల్లలు ఇరాక్ దేశం అనుకుంటారు. 'రాజు' తీసేసి, చివర దీర్ఘంతో 'ఇరాకా' అనే ఉంచండి.