తెల్లతల గద్దల గూడు ఎక్కడుందో నలుగురికీ చెప్పవచ్చునా?

కృష్ణాతీరం (చర్చను ప్రారంభించినవారు):

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు ఫ్రీమాంట్‌కు తూర్పున ఉన్న కొండల్లో ఒక జలాశయం ఒడ్డున, గ్రే పైన్ చెట్టు కొసన, తెల్లతల గద్దల జంట ఒకటి గూడు కట్టుకుంటున్నది. ఇక్కడివారు బాల్డ్ ఈగిల్ అంటారు గనుక మనవాళ్ళు కొందరు దీనిని బట్టతల గద్ద అని రాస్తున్నారు; ఆ తల మీద ఈకలు నిండుగానే ఉన్నాయి, తెల్లగా ఉన్నాయి, అంతే. కృష్ణ ఒడ్డున పెరిగినవారికి గరుడ పక్షిని తలచుకుంటే పోలిక వెంటనే అందుతుంది, కాకపోతే రెక్కలు చాచినప్పుడు ఇది దానికి ఇంచుమించు రెండింతలుంటుంది.

గడచిన నాలుగు శనివారాలూ నేను అక్కడికి వెళ్ళి, కాలిబాట దిగకుండా నిలబడి, అవి పుల్లలు మోసుకొచ్చి పేర్చుకోవడం చూశాను. స్థలం పేరు చెప్పకుండా రెండు ఫొటోలు ఈ వేదికలో పెట్టగా, రెండు రోజుల్లో ఇరవై ముగ్గురు ఆ చోటు ఎక్కడని అడిగారు. వారిలో ఇద్దరు మా బంధువులే గనుక నా ఇబ్బందిని మీరు ఊహించగలరు.

నా అభిప్రాయం చెప్పవలసిందేనని మొగ్గుతున్నది. 1963లో అలాస్కా, హవాయి మినహా ఈ దేశమంతటా లెక్కకు వచ్చిన జంటలు 417 మాత్రమే. 2021లో ప్రభుత్వం వెలువరించిన నివేదికలో అటువంటి జంటల సంఖ్య 71,400కు పైగా ఉన్నది. డీడీటీ అనే పురుగుమందును 1972లో నిషేధించడం, వేటను శిక్షార్హం చేయడం ఇందుకు ప్రధాన కారణాలైనా, సామాన్య జనం ఈ పక్షిని చూసి మెచ్చుకోవడం వల్లనే ఆ చట్టాలకు అండ దొరికింది. ఫ్రీమాంట్ పక్కనున్న మిల్పిటాస్‌లో కర్ట్నర్ ప్రాథమిక పాఠశాల ఆవరణలోని రెడ్‌వుడ్ చెట్టు మీద 2017లో గద్దలు గూడు పెట్టినప్పుడు ఊరంతా వెళ్ళి చూసింది. అవి భయపడి పారిపోకపోగా తరువాతి సంవత్సరాల్లోనూ తిరిగి వచ్చాయి. అటువంటప్పుడు మనం మాత్రం ఒక చెట్టు చిరునామాను నిధిలాగా దాచుకోవడం, పెద్ద లెన్సులు కొనగలిగిన పదిమందికే ఆ దర్శనాన్ని మిగల్చడం న్యాయమా?

పాత ట్రైపాడ్:

కృష్ణాతీరం గారు రాసిన అంకెలతో నాకు పేచీ లేదు. వాటి నుంచి తీసిన ముగింపుతోనే నాకు విభేదం ఉన్నది. జాతి మొత్తం కోలుకున్నంత మాత్రాన ఒక్కొక్క గూడు గట్టిపడదు. ఆడగద్ద ఏడాదికి ఒకటి నుంచి మూడు గుడ్లు పెడుతుంది, వాటిని సుమారు 35 రోజులు పొదుగుతుంది, పిల్ల ఎగరడానికి ఇంకా పది పన్నెండు వారాలు పడుతుంది. ఈ నాలుగైదు నెలల్లో ఒక్క చెడ్డ పూట చాలు ఆ ఏటి శ్రమ వృథా కావడానికి.

అమెరికా చేపలు, వన్యప్రాణుల శాఖ 2007లో ఈ పక్షుల విషయమై మార్గదర్శకాలను ప్రచురించింది. వాటిని చదివితే మీరు ఎంచుకున్న నాలుగు శనివారాలూ ఎటువంటివో తెలుస్తుంది. జతకట్టి గూడు పేర్చుకునే దశను అన్నిటికంటే సున్నితమైనదిగా అందులో పేర్కొన్నారు, ఎందుకంటే అప్పటికి గుడ్డూ లేదు, పిల్లా లేదు, చికాకు కలిగితే ఆ చోటును వదిలి వెళ్ళడానికి వాటికి అడ్డేమీ లేదు. గుడ్లు పెట్టి పొదిగే కాలం, పిల్లలకు నాలుగు వారాలు నిండేదాకా ఉన్న కాలం కూడా చాలా సున్నితమైనవే. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య కొంత వెసులుబాటు ఉన్నది. ఎనిమిది వారాలు దాటాక మళ్ళీ ప్రమాదమే. రెక్క పూర్తిగా బిగియని పిల్ల అలికిడికి బెదిరి గూటిలోంచి దూకివేస్తే దానిని తల్లి తిరిగి పైకి ఎత్తుకోలేదు. పిల్లలు బాగా ఎదిగి గూటి అంచున నిలబడినప్పుడే మన ఫొటోగ్రాఫర్లు గుంపులుగా వస్తారు, ఎందుకంటే ఫొటో అప్పుడే బాగా వస్తుంది.

నేను కళ్ళారా చూసిన ఒక ఉదయాన్ని చెబుతాను. స్థలం పేరు చెప్పను. ఒక గూడు విషయం ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టిన వారం తరువాత నేను వెళ్ళేసరికి నలభై మంది దాకా ఉన్నారు. ఎవరూ దుర్మార్గులు కారు. ప్రతి ఒక్కరూ తనకు ముందు నిలబడినవారి కంటే రెండడుగులు మాత్రమే ముందుకు జరిగారు. గంట గడిచేసరికి మొదటి వరుస దాదాపు చెట్టు మొదటికి చేరింది, పక్షి ఎగరడం లేదని విసుగెత్తిన ఒక పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. పొదుగుతున్న పక్షి లేచి వెళ్ళి ఇరవై నిమిషాల వరకూ తిరిగి రాలేదు. ఆ రోజు చలిగాలి వీస్తున్నది, రెండు మాల కాకులు పక్క చెట్టు మీదికి వచ్చి కూర్చున్నాయి. ఆ ఏడాది ఆ గూటి నుంచి పిల్ల ఎగరలేదు. కారణం మేమేనని నేను నిరూపించలేను, కాదని కూడా చెప్పుకోలేను. ఆ మొదటి వరుసలో నేనూ ఉన్నాను.

మిల్పిటాస్ అమ్మ:

పాత ట్రైపాడ్ గారు రాసింది చదివి మనసు కలుక్కుమన్నది. అయినా నేను కృష్ణాతీరం గారి పక్షానే ఉన్నాను, ఒక మినహాయింపుతో.

మా అమ్మాయికి ఆరేళ్ళ వయసులో గద్ద పిల్లను మొదటిసారి చూపించాను. గోధుమ రంగులో, తల కూడా నల్లగా ఉన్న దానిని చూసి ఇది వేరే పక్షి అని వాదించింది. తల తెల్లబడడానికి నాలుగైదేళ్ళు పడుతుందని చెప్పినప్పుడు, అంటే దీనికీ నాకూ ఇంచుమించు ఒకే ఈడు అని లెక్క కట్టుకున్నది. ఏ తెర మీద చూసినా ఆ మాట దానికి తోచేది కాదు. ఆ రోజే నేల మీద పడిన ఒక పెద్ద ఈకను తీసి జేబులో పెట్టుకోబోయింది. అక్కడున్న ఒక పెద్దావిడ నవ్వుతూ ఆపి, రాలిన ఈకనైనా సరే అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం ఈ దేశపు చట్టం ప్రకారం నేరమని, ఇక్కడి ఆదివాసీ తెగలవారు మాత్రం తమ మతాచారాల కోసం ప్రత్యేక అనుమతితో పొందుతారని చెప్పింది. ఇటువంటి విషయాలు నలుగురూ చేరే చోటనే నేర్చుకోగలం, ఎవరికీ తెలియని చోట నేర్పేవారెవరు?

నా మినహాయింపు మాత్రం పక్షుల గురించి కాదు. గూడు పాఠశాలలో ఉన్నప్పుడు, పిల్లలు ఆడుకునే వేళలో కంచె బయట మూరెడు పొడవు లెన్సులు పట్టుకుని అపరిచితులు నిలబడితే తల్లిదండ్రులకు ఎలా ఉంటుందో ఆలోచించండి. బడి లేని ఆదివారాలు ఎలాగూ ఉన్నాయి.

చూపరి:

ఇంత రభస ఎందుకు? దక్షిణ కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ లోయలో జాకీ, షాడో అనే జంట గూటి మీద కెమెరా పెట్టి రాత్రింబవళ్ళూ ప్రసారం చేస్తున్నారు. 2025 మార్చిలో మూడు పిల్లలు పుట్టడం, ఒకటి మంచు తుఫానులో పోవడం, మిగిలిన సన్నీ, గిజ్మో ఎగిరిపోవడం అంతా నేను బెంగళూరులో ఉన్న మా నాన్నగారితో కలిసి ఫోనులో చూశాను. ఇంతకంటే దగ్గరగా ఎవరు చూడగలరు?

పాత ట్రైపాడ్:

చూపరి గారూ, మీరు చెప్పిన ఉదాహరణ నా వాదానికే బలమిస్తున్నది. ఆ గూటిని లోకమంతా చూస్తున్నది నిజమే, కాని గూళ్ళ కాలంలో ఆ చెట్టు చుట్టూ ఉన్న ప్రాంతంలోకి అటవీ శాఖ ఎవరినీ రానివ్వదు.

గూడబాతు:

మాది గుంటూరు దగ్గర ఉప్పలపాడుకు పక్క ఊరు. నా పేరు చూసే ఆ సంగతి కొందరు కనిపెట్టి ఉంటారు. ఆ ఊరి చెరువులోని తుమ్మ చెట్ల మీద గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు వందల కొద్దీ గూళ్ళు పెడతాయి. గట్టు మీద గేదెలు నడుస్తాయి, మైకులో పాటలు మోగుతాయి, పక్షులు తల తిప్పి చూడవు. అందుచేత జనం ఉంటే చాలు పక్షి పారిపోతుందన్న వాదాన్ని నేను పూర్తిగా ఒప్పుకోలేను. మిల్పిటాస్ పాఠశాల గద్దలు కూడా ఇటువంటివే. బడి గంట, పిల్లల అరుపులు, కార్లు అన్నీ విన్నాకనే అవి ఆ చెట్టును ఎంచుకున్నాయి.

అయితే మా అమ్మమ్మ చెప్పిన ఒక మాటను ఇక్కడ చెప్పక తప్పదు. ఆ పక్షులను ఆమె పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలతో పోల్చేది. పుట్టింటివారు ఇంట్లో తిరుగుతారు, మాట్లాడుకుంటారు, పనులు చేసుకుంటారు. దాని వల్ల బాలింతకు ఇబ్బంది లేదు. కాని పురిటి గది గుమ్మం దగ్గర కొత్తవాళ్ళు వచ్చి నిలబడి తొంగి చూస్తే ఇల్లంతా ఊరుకుంటుందా? అలవాటు పడిన సందడి వేరు, తన వైపే చూస్తూ అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరకు వచ్చే మనిషి వేరు. ఆ 2007 మార్గదర్శకాలు కూడా మనుషుల తాకిడి అలవాటు లేని పక్షుల విషయంలో మరింత జాగ్రత్త కావాలనే అంటున్నాయి. జలాశయం ఒడ్డున ఉన్న మీ జంటకు ఏ సందడి అలవాటైనదో మీకు తెలుసా, కృష్ణాతీరం గారూ? నాలుగు శనివారాల్లో ఆ కాలిబాట మీద మీతో పాటు ఎంతమంది నడిచారు?

కృష్ణాతీరం:

గూడబాతు గారి ప్రశ్న సూటిగా ఉన్నది. నాలుగు వారాల్లో కలిపి ఏడెనిమిది మంది కంటే ఎక్కువ కనబడలేదు.

అయినా ఒక మాట. నేను నూరు మీటర్ల అవతలే నిలబడ్డాను. వచ్చేవారికి కూడా అదే నియమం చెప్పి పంపితే తప్పేమిటి?

పాత ట్రైపాడ్:

దూరం సంగతి వచ్చింది గనుక లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే దగ్గరకు వెళ్ళకపోతే ఫొటో రాదన్న అపోహే సగం అనర్థానికి మూలం. గూటి నుంచి మనుషులు కనబడుతున్నప్పుడు, కాలినడకన వచ్చేవారు 330 అడుగులు, అంటే నూరు మీటర్లు, దూరంగా ఉండాలన్నది ఆ మార్గదర్శకాల సిఫారసు. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 600 మిల్లీమీటర్ల లెన్స్ తగిలిస్తే, నూరు మీటర్ల దూరంలో చట్రంలోకి ఆరు మీటర్ల వెడల్పు వస్తుంది. చిన్న సెన్సర్ కెమెరాలో నాలుగు మీటర్లు. రెండు మీటర్ల రెక్కలు చాచి గూటిలో దిగే పక్షి ఈ చట్రంలో మూడో వంతో, సగమో నింపుతుంది. ఇంతకంటే ఏం కావాలి? చుట్టూ ఉన్న ఆకాశమూ, చేప పట్టుకున్న కాళ్ళూ, గూటి అంచున ఎదురు చూసే రెండవ పక్షీ అన్నీ అందులోనే పడతాయి. కంటి వెంట్రుకలు లెక్కపెట్టే ఫొటోల మీద మోజు మనకెందుకు పట్టిందో నాకు అర్థం కాదు.

330 అడుగులు ఒక సిఫారసు మాత్రమేనని, అతిక్రమిస్తే చట్టం ఏమీ చేయదని కొందరు అనుకుంటారు. చట్టం కొలిచేది పక్షికి కలిగిన కలతను. గాయపడేటట్టు, పిల్లల పెంపకం దెబ్బతినేటట్టు లేదా గూడు వదిలి వెళ్ళేటట్టు పక్షిని చికాకు పరచడం, అలా జరిగే అవకాశం కల్పించడం సైతం, 1940 నాటి గద్దల రక్షణ చట్టం కింద నేరమే. మొదటి తప్పుకే లక్ష డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడవచ్చు. 2007లో ఈ పక్షిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తొలగించినా ఈ చట్టం అలాగే ఉన్నది. మనలో వీసాల మీద ఉన్నవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలని మనవి.

ఇక మీ ప్రశ్న. మీరు నియమం చెప్పి పంపేది ఇరవై ముగ్గురికి. వారు తలా ఒక వాట్సాప్ బృందంలో పెడతారు, అక్కడి నుంచి వెళ్ళేది చిరునామా ఒక్కటే, నియమం దాని వెంట వెళ్ళదు. డ్రోను ఉన్నవాడికి కూడా అది చేరుతుంది, చేపను ఎరగా విసిరి గద్దను కిందికి దింపేవాడికి కూడా చేరుతుంది.

మిల్పిటాస్ అమ్మ:

అలాగైతే మేము పిల్లలకు ఎక్కడ చూపించాలి? వద్దు అని చెప్పడం సులభమే.

గూడబాతు:

ఇప్పటికే జనానికి అలవాటైన గూళ్ళు, పార్కు సిబ్బంది తాడు కట్టి కావలి ఉంచే గూళ్ళు ఉన్నాయి గదా. పేరు పత్రికలకెక్కిన చెట్టు పేరు దాచడం వల్ల ఆ చెట్టుకు ఒరిగేది ఏమీ లేదు, కొత్త చెట్టు పేరు చెప్పడం వల్ల దానికి జరిగే నష్టం మాత్రం తిరిగి రానిది. రెండింటినీ ఒకే గాటన కట్టడమే ఈ చర్చ మొదటి నుంచి తిరిగిన చోటే తిరగడానికి కారణమని నాకు తోస్తున్నది.

కృష్ణాతీరం:

ఒప్పుకుంటున్నాను, పూర్తిగా కాకపోయినా. జలాశయం గూడు ఎక్కడుందో ఈ ఏడాది ఎవరికీ చెప్పను. ఆ పార్కు సిబ్బందికి మాత్రం ఈ రాత్రే రాస్తాను, వారికి తెలియకపోతే కాలిబాట మళ్ళించేవారెవరూ ఉండరు. నేను కూడా ఏప్రిల్ దాటి, పిల్లలకు నాలుగు వారాలు నిండాక గాని వెళ్ళను. ఈలోగా పిల్లలున్నవారిని ఒక ఆదివారం మిల్పిటాస్ తీసుకువెళతాను. రెండు బైనాక్యులర్లు నావి ఉన్నాయి. బంధువులిద్దరినీ కూడా అక్కడికే పంపిస్తాను. కానీ పదేళ్ళ తరువాత ఆ జలాశయపు గద్దలు కూడా జనానికి అలవాటు పడాలంటే ఎవరో ఒకరు మొదట వెళ్ళవలసినదే గదా అన్న సందేహం నాకు తీరలేదు.

పాత ట్రైపాడ్:

ఆ సందేహం నాకూ ఉన్నది. ప్రస్తుతానికి ఒక పని చేయండి. మీరు పెట్టిన మొదటి ఫొటోలో, అది తీసిన చోటును తెలిపే జీపీఎస్ వివరాలు అలాగే ఉన్నాయి. రెండవ దానిలో లేవు గాని, వెనుక ఉన్న కొండ గీతనూ, కరెంటు టవరునూ చూసి నేను జలాశయం పేరు నిమిషంలో చెప్పగలిగాను. నేను చెప్పగలిగితే ఇంకెవరైనా చెప్పగలరు.

కృష్ణాతీరం:

రెండూ తీసివేశాను. ఫొటో చూసి చోటు గుర్తుపట్టామని ముగ్గురు అప్పటికే నాకు విడిగా రాసి ఉన్నారు. వారికి ఇప్పుడే ఫోను చేస్తున్నాను.