వాషింగ్ మెషిన్‌తో ఆల్బమా?

ఎలక్ట్రానిక్ మ్యూజిక్ జోడీ మాట్మోస్ వాళ్ల 'అల్టిమేట్ కేర్ 2' ఆల్బమ్ ఎవరైనా పూర్తిగా విన్నారా? 2016లో వచ్చింది, అమెరికాలోని బాల్టిమోర్‌లో వాళ్లింటి బేస్‌మెంట్‌లో ఉన్న వాషింగ్ మెషిన్ శబ్దాలు తప్ప అందులో ఇంకేమీ లేవంట. నాకు పది నిమిషాలకే ఓపిక అయిపోయింది.

జవాబు: విన్నా. 38 నిమిషాలూ ఒకటే ట్రాక్, మధ్యలో ఆపితే మజా రాదు. నాబ్ తిప్పిన చప్పుడుతో మొదలై, మెషిన్ మీద కొట్టిన దెబ్బలు, గీకుళ్లు, నీళ్ల గలగల అన్నీ కంప్యూటర్‌లో కోసి సాగదీసి బీట్‌గా మార్చారు, ఉతకడం అయిపోయిందని మోగే బజర్‌తో ముగుస్తుంది.

జవాబు: మాట్మోస్ అంటే డ్రూ డేనియల్, ఎం.సి. ష్మిట్, వీళ్లిద్దరూ మ్యూజిక్ బయట కూడా జంటే. 2001 ఆల్బమ్‌కి సర్జరీల శబ్దాలు వాడారు, ఒంట్లో కొవ్వు లాగేసే లైపోసక్షన్‌తో సహా! దానికంటే ఇదే నయం.

జవాబు: హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను బ్రో. ఫోన్ స్పీకర్‌లో వింటే బట్టలు ఆరేయమని అమ్మ పిలుస్తుంది.