ఓడ వెనక చాలు, చివర ఆ "ఫ్రీ"

రెల్లుపూత: ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ ముసలి నావికుడి కవితలో గాలి అందుకుని ఓడ దూసుకుపోయే చోట "ది ఫరో ... ఫ్రీ" అని ఒక పాదం ఉంది. ఫరో అంటే నాగటిచాలు, ఇక్కడ ఓడ వెనక నీట్లో పడే చాలు. మధ్య మాట గుర్తు రావట్లేదు, నిద్రలో కూడా అదే నలుగుతోంది. అసలు నాకు కావలసింది చివరి "ఫ్రీ". ఊరికే ధారాళంగా అనా, లేక ఓడవాళ్ల ఫ్రీయా, అంటే గాలి వెనక నుంచి కలిసొచ్చి ఎదురుగాలి బాధ లేకుండా సాగిపోవడమా? తెలుగు చేస్తూ అక్కడ ఆగిపోయాను.

తీరవాసి: "ఫాలోడ్ ఫ్రీ", అంటే చాలు వెంట వచ్చిందని. 1798 ప్రతిలో అదే పాఠం. ఫ్రీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఫాలోడ్ తేలాలి. 1817లో సిబిలైన్ లీవ్స్ అనే తన కవితల సంపుటి వేసేటప్పుడు ఆయనే దాన్ని కొట్టేసి "స్ట్రీమ్డ్ ఆఫ్ ఫ్రీ" అని మార్చాడు. ఓడెక్కాక తెలిసిందట: చాలు వెంట వస్తున్నట్టు కనిపించేది ఒడ్డు మీదున్నవాడికీ ఇంకో ఓడలోవాడికీ, మన ఓడలోంచి చూస్తే మాత్రం అది వెనక భాగం నుంచి వాగులా పారిపోతున్నట్టు ఉంటుందని కింద నోట్ కూడా పెట్టాడు.

పాతప్రతి: తీరవాసి గారూ, తర్వాతి ముద్రణల్లో మళ్లీ ఫాలోడ్‌కే వచ్చాడు, అది వదిలేశారు. కవిత రాసేనాటికి ఆయన సముద్రం దాటలేదు, జర్మనీకి ఓడెక్కింది 1798 సెప్టెంబర్‌లో, యార్మౌత్ నుంచి. చూశాక మార్చాడు, చెవి ఒప్పుకోక వెనక్కి తెచ్చాడు. నా లెక్కలో చెవిదే గెలుపు.

మాస్టారు: చెవిదే అంటాను నేనూ. ఫరో, ఫాలోడ్, ఫ్రీ, ఆ మూడు ఫకారాలే ఓడ నడక. "స్ట్రీమ్డ్ ఆఫ్" అనగానే పాదం రాయికి తట్టుకుంటుంది. ఈ విద్య పోతనది. గజేంద్రమోక్షంలో లక్ష్మీదేవి అడగాలా వద్దా అని వెనకాడే చోట "వెడవెడ సిడిముడి తడబడ" అంటుంటే మన నాలికే తడబడుతుంది, అర్థం తర్వాత వస్తుంది. అక్కడ ఒక్క డకారం తీసేయండి, పద్యం మిగలదు.

చుక్కాని: పోతన దగ్గరికి వెళ్తే ఇక ఓడ కదలదు మాస్టారూ 🙂 నాకు ఆ నోట్ మీదే అభ్యంతరం. తెరచాప ఓడల్లో చాలు చూడటం రోజువారీ పని. తాడు కట్టిన లాగ్ చెక్కని వెనక నుంచి నీట్లో వేసి, 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టేవాళ్లు. వేగానికి నాట్ అన్న మాట ఆ ముడి నుంచే. గాలికి ఓడ పక్కకి ఎంత జరుగుతోందో తెలియాలన్నా చాలుకీ ఓడ వెన్నుకీ మధ్య కోణమే ఆధారం. అంత చూసినవాడికి అది వెంట వస్తున్నట్టు అనిపించదని ఎలా అంటాం?

తీరవాసి: చూసేది ఎవరు అన్నా? మేటూ (కెప్టెన్ కింది అధికారి), ఇద్దరు ముగ్గురు మనుషులూ. మామూలు నావికుల బస ముందువైపు, మరుగుదొడ్డి కూడా ముక్కు దగ్గరే, వెనక డెక్ ఆఫీసర్లది. చుక్కాని పట్టే వంతు వచ్చినా చూపు దిక్సూచి మీదా తెరచాప అంచు మీదా ఉండాలి.

పాతప్రతి: ఇంకొకటి కలపండి. క్రైస్ట్స్ హాస్పిటల్ బడిలో ఆయన చదివే రోజుల్లో లెక్కల మాస్టారు విలియం వేల్స్, 1772 నుంచి 1775 దాకా కెప్టెన్ కుక్‌తో రెజల్యూషన్ ఓడలో తిరిగిన ఖగోళవేత్త. కవితలో ఆ మంచుగడ్డల వర్ణన అంతా ఆయన నోట విన్నదేనని నా నమ్మకం. అలాంటప్పుడు ఓడ చాలు గురించి వినలేదంటే నేను ఒప్పుకోను.

రెల్లుపూత: మరి ఫ్రీ?

మాస్టారు: పై పాదంలోనే "ఫెయిర్ బ్రీజ్" ఉంది కదమ్మా, అనుకూలమైన గాలి. రెండూ కలిసే ఉంటాయి, "అడ్డులేక" అని పెట్టెయ్యి. చాలు అన్న మాట మాత్రం వదులుకోకు.

చుక్కాని: "అడ్డులేక" పెడితే ఓడవాళ్ల అర్థం పోతుంది, నేను ఒప్పుకోను. తీరవాసి తమ్ముడూ, తెరచాపలు చుట్టడానికి కొయ్య పైకెక్కిన కుర్రాళ్లని మరిచిపోయావు. అక్కణ్ణుంచి చాలు మొత్తం కనిపిస్తుంది.

తీరవాసి: కనిపిస్తుంది, వెనక్కి పోతూ కనిపిస్తుంది. మీరు మర్చంట్ నేవీ కదా, మీకు గుర్తున్నది ప్రొపెల్లర్ తిరిగిన నురగ, అది వేరు.